పోయిన తుఫానుకి కట్టిన గట్టు

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శి గారు ఫోన్ చేసి, "ముప్పయ్యేళ్ళు వ్యవసాయ శాఖలో చేశావు, తుఫాన్లని మన దివిసీమ రైతులు ఎట్లా చూస్తారో, ఎట్లా కాచుకుంటారో నాలుగు మాటలు చెప్పు, మరీ లెక్కలు మాత్రం చెప్పకు" అన్నారు. లెక్కలు తక్కువే చెబుతాను. లెక్కల మాస్టారు ముందు వరసలోనే ఉన్నారు. తప్పు చెబితే ఈ వయసులో కూడా బెంచీ ఎక్కిస్తారని భయం.

ముందు 1977 సంగతితో మొదలుపెట్టాలి. నవంబరు 19, శనివారం. నేను తొమ్మిదో తరగతి. గాలి ముందు రోజు నుంచే ఈశాన్యం మూల నుంచి కొడుతోంది. మా నాన్న చూరు కింద నిలబడి గాలి వాటం చూస్తూ, "తూర్పుకి తిరిగి, ఆ పైన దక్షిణానికి మళ్ళిందంటే తుఫాను దాటిపోయినట్టేరా" అన్నారు. అది ఆయన ఊహించి చెప్పిన మాట కాదు. అంతకు ముందు ఆయన చూసిన తుఫాన్లన్నీ అట్లాగే దాటిపోయాయి. గాలి ఆయన చెప్పినట్టే తిరిగింది. తిరిగిన ఆ గాలే సముద్రాన్ని కూడా వెంట తెచ్చింది. కొన్ని చోట్ల 5 మీటర్ల ఎత్తున ఉప్పెన వచ్చింది. పది వేల మంది దాకా పోయారు. సొర్లగొంది, పాలకాయతిప్ప, హంసలదీవి వైపు జరిగింది ఇక్కడున్న పెద్దలకు నేను చెప్పనక్కర్లేదు.

మా నాన్నకి గాలి తెలుసు, వాన తెలుసు. ఉప్పెన తెలియదు. ఉప్పెన అన్న మాట ఆయన తన తాత నోట వినే ఉంటారు. 1864లో బందరుని ముంచిన ఉప్పెన అది. అప్పటికి 113 ఏళ్ళ కిందటి సంగతి. అంత కాలానికి భయం కథయిపోతుంది. కథ విని ఎవరూ ఇల్లు వదిలి పోరు కదండీ.

మన ఊరు కాస్త మెరక కాబట్టి ప్రాణాలు దక్కాయి. ఉప్పు నీళ్ళు మాత్రం కాలవ కట్ట దాకా వచ్చి, కోతకొచ్చిన చేల మీద నిలబడ్డాయి. మన బడి పెంకుల షెడ్డు ఎగిరిపోయింది. అప్పటికి మన సంఘం పుట్టి రెండేళ్ళు. సంఘం చేసిన మొదటి పెద్ద పని ఆ షెడ్డుకి మళ్ళీ కప్పు వేయించడమని ఇందాక అధ్యక్షులు గారు గుర్తు చేశారు. బడిలో మిగిలిన ఒక్క డాబాలో నెల రోజులు పునరావాసం నడిచింది. మళ్ళీ బడి తెరిచేసరికి మా తరగతిలో బెంచీలు కొన్ని ఖాళీ. నా పక్కన కూర్చునేవాడు కూడా రాలేదు. వాళ్ళ ఎడ్లు పోయాయి, చేను చౌడయింది, వాడు నాన్న వెంట కూలికి వెళ్ళాడు. వాడి సంగతి మళ్ళీ చెబుతాను.

ఉప్పెన తర్వాత ఈ సీమ నేర్చుకుంది. సముద్రం ఒడ్డున సరుగుడు తోటలు వేశారు. తుఫాను రక్షణ కేంద్రాలు కట్టారు. రేడియో మాట వినడం అలవాటయింది. 1990 మే నెలలో అంతకు తక్కువేమీ కాని తుఫాను బందరు దగ్గర కొడితే, ముందే లక్షన్నర మందిని తరలించారు. పోయినవాళ్ళ సంఖ్య వెయ్యి లోపే. ఒక్కరు పోయినా నష్టమే, కాని పది వేలకూ వెయ్యికీ తేడా తెలుసుకోవాలి. ప్రాణం కాపాడుకోవడం మనకి వచ్చింది. పంటని కాపాడుకోవడం ఇంకా రాలేదు. ఎందుకు రాలేదన్నదే నేను చెప్పదలచుకున్న మాట.

ఉద్యోగంలో చేరిన కొత్తలో నేనూ అందరిలాగే అనుకున్నాను, రైతుకి తెలియదు, మనం వెళ్ళి చెప్పాలి అని. రైతుకి తెలియనిది తక్కువని నాలుగైదు ఊళ్ళు తిరిగాక తెలిసింది. అయితే ఆయన లెక్క వేరు. "ఈ మధ్య వానలు తగ్గిపోయాయండీ" అని ఏ ఊళ్ళో అడిగినా చెప్పేవారు. మండలం వర్షపాతం రిజిస్టరు తీసి చూస్తే ఏడాది మొత్తం పెద్దగా తగ్గినట్టు కనబడేది కాదు. మొదట్లో రైతు పొరపాటు పడుతున్నాడనుకున్నాను. తర్వాత రోజుల వారీ చూశాను. కొన్ని ఏళ్ళలో వాన పడిన రోజులు తక్కువ, పడిన రోజున మాత్రం కుంభవృష్టి. వాతావరణ శాఖ ఒక్క రోజులో 64.5 మిల్లీమీటర్లు దాటితే భారీ వర్షం అంటుంది, 115.6 నుంచి అతి భారీ, 204.4 దాటితే అత్యంత భారీ. అట్లాంటి రోజు రెండు వస్తే రిజిస్టరులో ఏడాది లెక్క సరిపోతుంది. చేనుకి సరిపోదు. ఆ రెండు రోజుల వాన డ్రెయిను గుండా సముద్రంలోకి పోతుంది, లేకపోతే చేలో నిలబడి పైరుని కుళ్ళబెడుతుంది. రైతు "తగ్గింది" అంటే తన పైరుకి పనికొచ్చే వాన తగ్గిందని. అది నిజమే.

ఇది నాకు బోధపడటానికి మన సైన్సు మాస్టారే కారణం. బడి ఆవరణలో వర్షమాపకం పెట్టించి, రోజూ పొద్దున్న ఎనిమిదిన్నరకి నీళ్ళు కొలిచి నోటుబుక్కులో రాయమని మాకు వంతులు వేసేవారు. వాన లేని రోజున కూడా సున్నా వేయాల్సిందే. "సున్నా రాయనివాడికి వాన విలువ తెలియదు" అనేవారు. అప్పట్లో అది శిక్షలా అనిపించేది.

రెండో సంగతి. రైతు ఎప్పుడూ కిందటిసారి తగిలిన దెబ్బకి మందు వేసుకుంటాడు. అది తప్పు కాదు, మనిషి స్వభావం. కాకపోతే తర్వాతి దెబ్బ అదే చోట తగలదు. 2013 నవంబరు చూడండి. 22న హెలెన్ తుఫాను బందరు దగ్గర దాటింది, చేలు పడిపోయాయి. వారం తిరగకముందే లెహర్ వస్తోంది, ఇంకా తీవ్రమైనది అన్నారు. దెబ్బ పచ్చిగా ఉంది కనుక ఈసారి అందరూ విన్నారు. గింజ ఇంకా పాల మీదుంటే కూడా కోసేశారు కొందరు. లెహర్ సముద్రంలోనే బలహీనపడి, 28న వాయుగుండంగా మారి దాటింది. తొందరపడి కోసినవాళ్ళకి తాలు మిగిలింది. ఆ మరుసటేడు మీటింగు పెట్టి తుఫాను హెచ్చరిక గురించి చెబుతుంటే ఒక పెద్దాయన లేచి, "మీరు రమ్మన్నది రాదు, వద్దన్నది వస్తుంది, వాన రాకడ ప్రాణం పోకడ ఎవరికి తెలుసులెండి" అన్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. మనసులో మాత్రం, ఒక్క తప్పిన హెచ్చరిక పది నిజమైన హెచ్చరికల్ని తినేస్తుందని అనుకున్నాను. తుఫాను బలహీనపడటం ఎవరి తప్పూ కాదని, హెచ్చరిక అంటే జాతకం కాదని ఆ రోజు నేను సరిగ్గా చెప్పలేకపోయాను.

కృష్ణ లంకల్లోనూ ఇదే చూశాను. 2009 అక్టోబరు వరద వచ్చిన ఎత్తు చాలా ఇళ్ళ గోడల మీద గుర్తుంది. ఒక అరటి రైతు ఆ గుర్తుకి జానెడు పైన దిమ్మ కట్టించి మోటారు పెట్టుకున్నాడు. తెలివైన పనే. 2024 సెప్టెంబరు మొదట్లో ప్రకాశం బ్యారేజీ నుంచి 11 లక్షల క్యూసెక్కులు దాటి నీళ్ళు వదిలారు. బ్యారేజీ చరిత్రలో అంత ఎప్పుడూ రాలేదు. ఆ గుర్తు మునిగింది, దిమ్మ మునిగింది, మోటారూ మునిగింది. మనం ఎప్పుడూ పోయిన తుఫానుకే గట్టు కట్టుకుంటాం.

అట్లాగని రైతు చేతులు ముడుచుకుని కూర్చోలేదు. నా పక్క బెంచీ మిత్రుడు ఇప్పుడు కౌలు రైతు. వాడు చేసేది చెబితే మీకు అర్థమవుతుంది. మూడెకరాలు చేస్తే మూడెకరాలూ ఒకే రకం వేయడు. ఒక ఎకరం సాంబమసూరి. 1986లో బాపట్ల నుంచి వచ్చిన బి.పి.టి. 5204. అన్నానికి దాన్ని మించింది లేదు, మిల్లరు మంచి ధర ఇస్తాడు. కాని అయిదు నెలల పంట, గాలికి పడిపోతుంది. మిగతా రెండెకరాలు పల్లంలో ఉన్నాయి కనుక మారుటేరు వాళ్ళ ఎం.టి.యు. 1061 వేస్తాడు. అది ముంపుని కొంత ఓర్చుకుంటుంది. నారు పోసి ఊడ్చే బదులు వెదజల్లుతాడు. కూలి ఖర్చు కలిసొస్తుంది, కోత వారం పది రోజులు ముందుకి జరుగుతుంది. మన వైపు తుఫాను ఎక్కువగా నవంబరులో వస్తుంది, ఆ వారం పది రోజులే ఒక్కోసారి పంటంతా. 2015లో పట్టిసీమ నుంచి గోదావరి నీళ్ళు రావడం మొదలయ్యాక కాలవ ముందుగా వదిలిన ఏడు ఈ పద్ధతి బాగా కలిసొచ్చింది.

ఇంకా ఉంది. వరి కోయడానికి రెండు మూడు రోజుల ముందు చేలో మినుములు చల్లడం మన డెల్టా పద్ధతి. కోశాక నీళ్ళు నిలబడితే ఆ విత్తనం కుళ్ళిపోతుంది. అందుకని వాడు మినుములు ఒక ఎకరానికే ఉంచి, మిగిలిన దాంట్లో దున్నకుండానే మొక్కజొన్న వేస్తున్నాడు. ఇంటి దగ్గర రెండు గేదెలు. "పంట పోయినా పాలు పోవు కదా" అంటాడు. మొలకెత్తకుండా పడిపోయిన వెన్నుల మీద నూటికి అయిదు పాళ్ళ ఉప్పు నీళ్ళు, అంటే లీటరుకి 50 గ్రాముల ఉప్పు, కొట్టమని నేను ఏళ్ళ తరబడి చెప్పిన మాట వాడికి కంఠతా వచ్చు. ఇంతకన్నా ఏం చేయాలి ఒక రైతు?

చేయలేనివి ఉన్నాయి. చేలో నీళ్ళు తీయాలంటే డ్రెయిను పారాలి. డ్రెయిను నిండా గుర్రపుడెక్క. కిందివాడు చేను లాభం లేదని రొయ్యల చెరువు తవ్వి గట్టు ఎత్తు చేశాడు. అతనికి అది తుఫానుని తట్టుకునే ఉపాయమే, పైవాడికి అదే ముంపు. ఒకరు కాచుకున్నది ఇంకొకరి మీద పడకుండా చూడటం ఒక్క రైతు వల్ల అయ్యే పని కాదు.

ఇక 2023 డిసెంబరు. మిచౌంగ్ తుఫాను. ఈసారి హెచ్చరికలో ఏ లోపమూ లేదు. వారం ముందు నుంచీ చెబుతున్నారు. అప్పటికి నేను రిటైరయ్యాను. అయినా పాత అలవాటు పోదు, మిత్రుడికి ఫోన్ చేసి "కోసెయ్యరా" అన్నాను. వాడు "ఎవర్ని పెట్టి కొయ్యమంటావు?" అన్నాడు. అందరూ ఒక్కసారే కోత మిషను కోసం ఎగబడ్డారు. చేలో తడి ఉంటే టైరు మిషను దిగదు, చైను మిషనే కావాలి. అది ఎక్కడో ఉంది, గంట అద్దె రోజురోజుకీ పెరిగింది. ఎట్లాగో రెండెకరాలు కోయించాడు. మిషను కోసిన గింజలో తేమ ఎక్కువ. కొనుగోలుకి 17 శాతం దాటకూడదు. ఎండబెట్టాలి. ఎండేది? రోడ్డు వార రాశి పోసి బరకాలు కప్పాడు. డిసెంబరు 5న బాపట్ల దగ్గర తుఫాను తీరం దాటింది. బరకం కింద గింజ ఉడికిపోయింది, అడుగున మొలక వచ్చింది. కోయని ఎకరం చాప చుట్టినట్టు పడుకుంది.

ఆ మూడెకరాలు నావి. ఇంతసేపూ నేను చెప్పకుండా దాటవేసిన మాట అది.

ఆ ఏడు జూలైలో వాడు ఒక కాగితం పట్టుకుని ఇంటికొచ్చాడు. పంట సాగుదారు హక్కు పత్రం. 2019లో వచ్చిన చట్టం ప్రకారం భూమి యజమాని సంతకం పెడితే కౌలుదారుకి ఆ కార్డు వస్తుంది. పదకొండు నెలలకే చెల్లుతుంది. భూమి మీద ఏ హక్కూ రాదు, పంట మీదే హక్కు. పంట రుణం, బీమా, నష్టపరిహారం అడగడానికి అదే ఆధారం. ఈ ముక్కలు నేను ఎన్ని గ్రామసభల్లో చెప్పానో లెక్కలేదు. నా దగ్గరికి వచ్చేసరికి, "చూద్దాంలేరా, పండగ వెళ్ళనీ" అన్నాను. మా బావమరిది "సంతకం పెడితే రేపు పొలం నీది కాదంటారు" అన్నాడు. అది నిజం కాదని నాకు తెలుసు. తెలిసి కూడా పెట్టలేదు.

పంట నా పేరున నమోదయింది. పరిహారం నా ఖాతాలో పడింది. తీసి వాడి చేతిలో పెట్టాను, కౌలూ తగ్గించాను. అది దానమే అయింది కాని వాడి హక్కు కాలేదు. బ్యాంకు అప్పు వాడికి పుట్టలేదు కనుక నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చి పెట్టుబడి పెట్టాడు. తడిసిన ధాన్యం వచ్చినకాడికి అమ్ముకుని ఆ వడ్డీ కట్టాడు. నన్ను ఒక్క మాట అనలేదు. చాలా రోజుల తర్వాత గట్టు మీద కూర్చున్నప్పుడు అన్నాడు: "తుఫాను వస్తుందని నువ్వు ఫోన్ చేశావు, సంతోషం. తుఫాను వస్తుందని నాకూ తెలుసురా. నువ్వు సంతకం పెడతావా లేదా అన్నదే నాకు తెలియలేదు."

ముప్పయ్యేళ్ళ ఉద్యోగంలో రైతు ప్రమాదాన్ని ఎట్లా చూస్తాడని నేను అడుగుతూ వచ్చాను. వాడు చెప్పిన జవాబు అది. తుఫాను ఆయన చేతిలో లేదు, ఆ సంగతి ఆయన ఒప్పుకున్నాడు. ఆయన్ని పడగొట్టేవి మనుషుల చేతిలో ఉన్నవి. కాలవ ఎప్పుడు వదులుతారు, డ్రెయిను తవ్విస్తారా, మిషను దొరుకుతుందా, యజమాని సంతకం పెడతాడా. గాలి వాటం చూసి తెలుసుకోవచ్చు, వీటిని చూసి తెలుసుకోలేం.

ఈ హాల్లో ఉన్నవాళ్ళలో సగం మందికి ఊళ్ళో పొలం ఉంది. మనలో సేద్యం చేస్తున్నవాళ్ళు ఎంతమంది? హైదరాబాదులోనో బెంగుళూరులోనో అమెరికాలోనో ఉంటాం. పండక్కి వచ్చి కౌలు లెక్క చూసుకుని వెళతాం. మన పొలంలో తుఫానుని ఎదుర్కొనేది మనం కాదు. అందుకని మూడు కోరికలు.

మొదటిది, ఈ ఏడు సార్వా మొదలయ్యేలోగా మీ కౌలుదారుకి ఆ కాగితం మీద సంతకం పెట్టండి. నేను 2024 జూన్‌లో పెట్టాను. పొలం ఎక్కడికీ పోలేదు, నిన్న కూడా చూసి వచ్చాను. సంతకంతో పాటు ఇంకో మాట కూడా ముందే అనుకోండి. పంట సగానికి పైన పోతే కౌలు ఎంత తగ్గిస్తారో జూన్‌లోనే చెప్పండి. డిసెంబరులో ఏడుస్తూ అడిగించుకోవడం ఇద్దరికీ మర్యాద కాదు.

రెండోది, సంఘం దగ్గర స్వర్ణోత్సవం నిధి ఉంది. ఆర్చి కట్టించాలన్న ప్రతిపాదన విన్నాను. ఆర్చికి నేను అడ్డు చెప్పను. కాని ముందు ఒక ధాన్యం ఆరబెట్టే సిమెంటు కళ్ళం, వంద మంచి బరకాలు కొని ఊరికి ఇస్తే, తుఫాను వారంలో అవి పంటని నిలబెడతాయి. ఆర్చి మీద రాసే పేర్లు కళ్ళం గోడ మీద రాసుకుందాం.

మూడోది చిన్నది. బడిలో వర్షమాపకం మళ్ళీ పెట్టించండి. పిల్లలు రోజూ కొలిచి, బోర్డు మీద రాయనివ్వండి. ఫోన్‌లో జిల్లా మొత్తానికి ఆరెంజ్ అలర్ట్ అని వస్తుంది. మన ఊళ్ళో ఎంత పడిందో మన పిల్లలు చెబితే రైతు ఆగి చూస్తాడు. పది పదిహేనేళ్ళు రాస్తే మన జ్ఞాపకం ఎక్కడ తప్పిందో కూడా తెలుస్తుంది. సైన్సు మాస్టారు ఇప్పుడు మన మధ్య లేరు. ఆ పుస్తకాలు ఎవరి ఇంట్లోనైనా ఉంటే దయచేసి బడికి ఇవ్వండి. సున్నాలతో సహా పనికొస్తాయి.

చివరగా ఒక మనవి. నా మిత్రుడు ఈ సభకి వచ్చాడు. పేరు చెప్పొద్దన్నాడు, వెనక వరసలో కూర్చున్నాడు. సావనీరులో అచ్చవుతున్న పూర్వ విద్యార్థుల జాబితాలో వాడి పేరు లేదు. పదో తరగతి పాసయినవాళ్ళ పేర్లే అందులో ఉన్నాయి. 1977 తర్వాత బడి మానేసినవాళ్ళు మన ఊళ్ళో ఇంకా చాలామంది ఉన్నారు. ఆ పేర్లు పాత హాజరుపట్టీలో దొరుకుతాయి. వాళ్ళు బడిని వదల్లేదు, తుఫాను వాళ్ళని బడి నుంచి లాగేసింది. జాబితాలో వాళ్ళ పేర్లూ చేర్చమని కార్యదర్శి గారిని వేదిక మీదే అడుగుతున్నాను. ఆయన తల ఊపారు, మీరందరూ చూశారు.